పీల్చిన ప్రతివాడూ తొక్కాలి

నెర్రపాలెం ఫ్యాన్ గది రోజువారీ. రాస్తున్నది అసిరమ్మ, పెడళ్ళ మెకానిక్.

1

మడి: పచ్చ. గాలి: బాగుంది. నా కోపం: మామూలే.

మూడోది రాయమని రూలు లేదు. మడి రంగూ గాలి సంగతీ రాస్తే చాలంటుంది పంచాయితీ. కానీ ఈ గదిలో బెల్టు తర్వాత ఎక్కువగా వేడెక్కేది నేనే కాబట్టి నా సంగతీ రాసి పెడుతున్నాను.

పొద్దున ఆకాశంలో ఓడలు కనబడ్డాయి. మాతృమండలం వారివి. మా దిబ్బ గ్రహానికి ఆరవ ప్రావిన్స్ అని పేరు పెట్టి, మా తాతల్ని గనుల్లోకి తోలి, మా లోహంతో వాళ్ళ గోపురాలు కట్టుకుని, మేము వాళ్ళ జెండా దించేసరికి అలిగి వెళ్ళిపోయిన మాతృమండలం. వెళ్తూ వెళ్తూ ఊరూరా ఫ్యాన్లు తిప్పే మరబుర్రల్ని పీక్కుపోయారు. దిబ్బ మీద బయట గాలి లేదు. ఉన్నదల్లా ఈ నెర్రల్లో, అద్దం కప్పుల కింద, పాచి మళ్ళు ఊదే గాలే. ఫ్యాను ఆగితే మడి ఉడికిపోతుంది. మడి పోతే మనిషి పోతాడు. నెల తిరక్కుండా వచ్చి కాళ్ళ మీద పడతారని అనుకున్నారు. మేము ఫ్యాన్లకు పెడళ్ళు బిగించుకున్నాం. ఆనాటి నుంచి తొక్కుతూనే ఉన్నాం.

ఇక్కడ పీల్చిన ప్రతివాడూ తొక్కాలి. పంచాయితీ పెద్దయినా, పెళ్ళికూతురైనా, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళైనా. పెడల్ ఎక్కేముందు నీ పేరేమిటో, నువ్వెవరి బిడ్డవో చెప్పాలి. ‘నాను పీల్చిన గాలికి నా వంతు’ అనాలి. దిగాక గరిటెడు అంబలి. మా రాజ్యాంగం ఇంతే. మిగతాది ఇంకా రాస్తున్నారట.

పంచాయితీ మధ్యాహ్నం కూర్చుంది. తుపాకులు లేవు కాబట్టి యుద్ధం లేదు. ఊరు ఖాళీ చేసి, సొరంగాల్లోంచి పక్క నెర్రలకు వెళ్ళి, ఇనుప తలుపులు వేసుకుని, ఎవరూ వెంటపడకుండా సొరంగాల్లోని గాలిని బయటికి వదిలేద్దామన్నారు. ఖాళీ ఊరిని ఏలుకోనివ్వండి అన్నారు. బాగానే ఉంది. మరి తల్లి మడి?

దిబ్బ మీద ఉన్న ప్రతి మడికీ ఏటేటా నారు వెళ్ళేది మా ఊరి తల్లి మడి నుంచే. కదిలిస్తే చచ్చిపోతుంది. ఇది చస్తే వచ్చే ఏడు ఏ ఊళ్ళోనూ ఊపిరి ఉండదు. ఎవరో ఒకరు ఉండి ఫ్యాను తిప్పాలి. మడి చూసుకునే గురమ్మ మామ్మ, “నాను కదలను” అంది. మోకాలు సరిగా వంగని ముసలిది ఒక్కతే తొక్కుతుందా? నేనూ ఉంటానన్నాను. మా అమ్మ ఏడ్చింది, తిట్టింది, చివరికి అంబలి పిండి మూట నా ఒళ్ళో పడేసి వెళ్ళింది.

2

మడి: పచ్చ. గాలి: బ్యాండు మేళం ఊదేసింది. కోపం: ఎక్కువైంది.

ముందు బ్యాండు వచ్చింది. ఖాళీ వీధిలో బాకాలు ఊదుకుంటూ. వెనక సైన్యం, ఇస్త్రీ నలగని బట్టల్లో. ఆ వెనక బండి మీద మహామాత విగ్రహం. జెండా దించిన రోజు పాత మహామాతను పడగొట్టి మేము పెడళ్ళకు గేర్లు పోయించుకున్నాం. అందుకని కొత్తది తెచ్చారు, పాతదానికంటే పెద్దది. గురమ్మ మామ్మ కిటికీలోంచి తొంగి చూసి, “ఓలమ్మ! ఎన్ని గేర్లొత్తాయో!” అంది.

సేనాపతి హెల్ద్రిక్ చౌరస్తాలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. మెడలో వేలాడే మాటల పెట్టె దాన్ని మా భాషలోకి మారుస్తుంది. ఆ పెట్టెకు మా భాష నేర్పినవాడు ఎప్పుడో పోయినట్టున్నాడు.

“ఓ ప్రియ ప్రజలారా! మీ జనని తిరిగి ఏతెంచినది. కన్నీరు తుడుచుకొనుడు!”

తుడుచుకోవడానికి ఎవరూ లేరు. ఒక సిపాయి తుమ్మాడు.

సేనాపతి పక్కన దండాసి మేస్త్రి. మా ఊరివాడే. జెండా దిగిన రోజు వాళ్ళ చివరి ఓడలో చోటు సంపాదించి పారిపోయాడు. అక్కడ కూర్చుని, దిబ్బ మీద జనం మీకోసం ఏడుస్తున్నారని ఇన్నాళ్ళూ చెప్పింది ఇతనే. మా నాన్న గని సొరంగం చివర ఊపిరాడక చనిపోయిన రోజు పైన మేస్త్రి ఇతనే. గాలి చాలట్లేదని నాన్న కింది నుంచి కబురు పంపితే, “అది బద్ధకపు ఊపిరిలే” అన్నాడట. ఆ మాట నాకు చేరవేసిన నాన్న తోటి కూలీ ఇంకా ఎన్నో చెప్పాడు. ఇదొక్కటే గుర్తుంది.

ఇద్దరూ ఫ్యాన్ గదికి వచ్చారు. పెడల్ మీద నేను, మడి అంచున మామ్మ.

“ఊరు ఊరంతా ఎటెల్లిపోనారే గుంటా?” అన్నాడు దండాసి.

“నీకు ఎదురు రాడానికే ఎల్లినారు. దారి తప్పీసినట్టున్నారు.”

అతను దాన్ని ఎలా చెప్పాడో ఏమో, సేనాపతి మొహం వెలిగిపోయింది. “ప్రజలు సిగ్గుచే దాగికొనిరి. కృతజ్ఞతాభారముతో వారే వచ్చెదరు,” అంది పెట్టె.

“నాను సెప్పినాను కదా మహాప్రభో! మొకం సెల్లక దాక్కున్నారు. రెండ్రోజుల్లో వొచ్చి మీ బూట్ల మీద పడతారు.”

ఆ ధైర్యంతో సేనాపతి ఒక పని చేశాడు. ఓడల్ని వెనక్కి పంపేశాడు. పన్నుల అధికారుల్నీ, వాళ్ళ భార్యల్నీ, భార్యల పియానోల్నీ ఎక్కించుకుని రమ్మన్నాడు. ఓడలు లేకపోతే సిపాయిలకు పారిపోయే ఆలోచన రాదని కూడానట. తనకు రావచ్చునన్న సంగతి అతనికి తట్టలేదు.

ఓడలు లేచిపోతుంటే మామ్మ లోపల మడి నీళ్ళలో చెయ్యి పెట్టి చూసుకుంటోంది. “ఇంతమంది పీలుత్తారు. మనం ఇద్దరం తొక్కుతాం. సూడాల,” అంది.

3

మడి: అంచుల్లో లేత పసుపు. గాలి: బరువు. కోపం: నవ్వు అడ్డొచ్చింది.

వాళ్ళు మరబుర్ర ఒకటి తెచ్చుకున్నారు. ఇంజినీరు దాన్ని ఫ్యానుకు బిగించాడు. సేనాపతి, అధికారులు, దండాసి, అందరూ వరసగా నిలబడ్డారు. బ్యాండును కూడా పిలిచారు. నన్ను పెడల్ మీంచి దింపి, “ఇక నీ కాలికి పని లేదు. నాగరికత మరల వచ్చినది,” అన్నాడు సేనాపతి.

మరబుర్ర ఏ ప్రావిన్స్ అని అడిగింది. ఇంజినీరు ఆరవది అన్నాడు.

“ఆరవ ప్రావిన్స్ అనునది లేదు. ఆ కార్యాలయము మూసివేయబడినది. వేరొక ప్రావిన్స్ చెప్పుడు.”

సంగతేమిటంటే, మేము స్వతంత్రులమని వాళ్ళ సభ ఒప్పుకోలేదు, వాళ్ళ పత్రికలు ఒప్పుకోలేదు, వాళ్ళ చిన్నపిల్లల పాఠాలూ ఒప్పుకోలేదు. ఖర్చు తగ్గుతుందని మా పేరున ఉన్న ఆఫీసు మాత్రం మూసేశారు. వాళ్ళ సరంజామా మొత్తంలో నిజం చెప్పేది ఈ మరబుర్ర ఒక్కటే.

సేనాపతి దాని మీద అరిచాడు. ఆరవ ప్రావిన్స్ ఉన్నదని ఆజ్ఞాపించాడు. లేదని అది మర్యాదగా చెప్పింది. చివరికి ఇంజినీరు చెమటలు కక్కుతూ ఐదవ ప్రావిన్స్ అన్నాడు. మరబుర్ర సంతోషించింది. ఐదవ ప్రావిన్స్‌లో గాలి బయటే ఉంటుందట.

“పైకప్పు తెరవవలెనా?”

ఇంజినీరు దాని వైరు పీకిన వేగం చూస్తే అతన్ని పెడల్ మీద కూర్చోబెట్టాలనిపించింది.

నేను మళ్ళీ ఎక్కి తొక్కాను. ఇంత తమాషాలోనూ ఫ్యాను ఆగిన ఆ కాసేపటికే అంచుల్లో పసుపు ఇంకొంచెం లోపలికి జరిగింది. మామ్మ అది చూసింది. నేను చూశానని కూడా చూసింది.

4

మడి: పసుపు. గాలి: తలనొప్పి. కోపం: ఎవరి మీదో తేలడం లేదు.

సైన్యం వంటవాడు వచ్చాడు. తోబెన్ అని పేరు. పొట్ట ముందు నడుస్తుంటే వెనక అతను వస్తాడు. మాటల పెట్టె చిన్నది ఒకటి చేత్తో పట్టుకున్నాడు.

“పొయ్యి మండుటలేదు. మంట లేచి పడుకొనుచున్నది. నా తప్పా?”

సేనాపతి వంద మాటలు మాట్లాడినా నాకు ఈ సైన్యం మీద జాలి పుట్టలేదు. ఈ మనిషి ‘నా తప్పా’ అన్నప్పుడు పుట్టినట్టనిపించి, దాన్ని వెంటనే తొక్కేశాను.

“నీదే తప్పు,” అన్నాను. “పీలుత్తన్నావు కదా? తొక్కుతున్నావా?”

అతను పెడళ్ళ వరస చూశాడు. ఊరంతా తొక్కే చోట ఇద్దరు ఆడవాళ్ళు. మారు మాట్లాడకుండా బూట్లు విప్పాడు. మామ్మ కర్ర అడ్డం పెట్టింది.

“పేరు సెప్పు బాబూ. ఎవరి బిడ్డవి?”

అతను తన పేరు చెప్పి, ‘మార్తెల్ కొడుకును’ అన్నాడు. వంతు మాట మామ్మ చెప్పిస్తే చెప్పాడు, పెట్టె సాయం లేకుండా, నాలుక మెలికలు తిరుగుతూ. ఎక్కి తొక్కాడు. ఆ శరీరానికి ఆ కాళ్ళెక్కడివో! ఫ్యాను నిజంగా లేచింది. దిగాక మామ్మ గరిటెడు అంబలి పోసింది. తాగి, కళ్ళు మూసుకుని, “ఇందులో ఉల్లిపాయ తరిగి వేసిన యెడల...” అంటూ వంటగదికి వెళ్ళాడు. సాయంత్రానికి ముగ్గురు సిపాయిల్ని వెంటబెట్టుకొచ్చాడు.

వాళ్ళు తొక్కుతుండగానే నేను మామ్మతో దెబ్బలాడాను.

“మనం తొక్కితే మడి బతుకుద్ది, మడి బతికితే ఈ సైన్యం బతుకుద్ది. ఆళ్ళని పెంచడానికా మనం ఉండిపోయింది?”

“మడిని పెంచడానికి.”

“రెండూ ఒకటే కదేటి!”

“అయితే ఏటి సేద్దాం? ఫ్యానాపీద్దామా? ఆళ్ళు పోతారు. మడీ పోద్ది. వచ్చే ఏడు మీ యమ్మ ఏటి పీల్సుద్ది?”

నేను వంగి నూనె డబ్బా అందుకున్నాను.

“మనిద్దరి కాళ్ళు సాలవే గుంటా. ఊళ్ళో ఇంకెవరి కాళ్ళున్నాయో సెప్పు.”

ఉన్నవి శత్రువు కాళ్ళే. అదే నా ఒళ్ళు మండించేది. ఒకవైపు తిట్టుకుంటూ ఇంకోవైపు సిపాయిల పెడళ్ళకు నూనె వేశాను. ఎండిపోయిన పెడల్ చప్పుడు నేను భరించలేను. అది శత్రువు తొక్కినా సరే.

5

మడి: మధ్యలో పచ్చ తిరిగింది! గాలి: పర్వాలేదు. కోపం: ఉదయం తక్కువ, మధ్యాహ్నం చెప్పలేనంత.

పొద్దున గది నిండా సిపాయిలు. వరస కోసం తోసుకుంటున్నారు. కొంత తలనొప్పి తగ్గుతుందని, కొంత తోబెన్ అంబలిలో ఉల్లిపాయ వేశాడని. వంతు మాట అందరికీ వచ్చేసింది. ఒక బాకావాడు దాన్ని రాగం కట్టి ఊదాడు కూడా.

సేనాపతికి దండాసి చేరవేశాడు.

హెల్ద్రిక్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతను మాత్రం వచ్చినప్పటి నుంచీ సొంత సిలిండరు వీపున తగిలించుకుని, గొట్టం ముక్కులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఊరి గాలి అతనికి సరిపడదట. తన సైన్యం బూట్లు విప్పి చెమటలు కక్కుతూ కూలి పని చేస్తోంది. దాన్ని చూసి అతను తెల్లబోయాడు.

“ఏలువారు తొక్కరాదు! తొక్కువారు ఏలరాదు! ఇది ఆది నుంచి నియమము!” అని పెట్టె అరిచింది. ఇన్నాళ్ళకు దాని నోట ఒక తేట మాట విన్నాను.

తర్వాత ఉత్తర్వు. ఫ్యాన్ గదికి తాళం. ఊరి జనం తిరిగి వచ్చి, లొంగి, తామే తొక్కేదాకా తీయకూడదు. మేము దారికొచ్చేదాకా గాలి కట్. అంటే పక్క నెర్రల్లో హాయిగా తొక్కుకుంటూ పీల్చుకుంటున్న మా జనాన్ని భయపెట్టడానికి, తాను ఉంటున్న ఊరికి తానే గాలి ఆపుకున్నాడు. లోకంలో ముట్టడి వేసినవాళ్ళు చాలామంది ఉంటారు. తనను తానే ముట్టడించుకున్నవాణ్ణి నేను చూశాను.

అతని గురించి నవ్వగలిగాను. మడి గురించి నవ్వలేకపోయాను. సిపాయిలు మమ్మల్ని బయటికి ఈడుస్తుంటే మామ్మ గుమ్మం పట్టుకుంది. మోకాలు మెలిపడి పడిపోయింది. తాళం పడింది. లోపల ఫ్యాను వేగం తగ్గుతూ తగ్గుతూ ఆగడం బయటికి వినిపించింది.

“ఆళ్ళ పీక మీద ఆళ్ళే కాలేసుకుంటే నాకేటి? నా మడి ఉడికిపోద్దే గుంటా,” అంది మామ్మ. ఆమె ఏడవడం నేను అదే మొదలు చూడటం.

దండాసి దూరంగా నిలబడ్డాడు. “నువ్వయినా సెప్పరా!” అని నేనరిస్తే, “నానేటి సేత్తానే, పెద్దోల్ల ఆర్డరు,” అన్నాడు. గని దగ్గర కూడా ఆర్డరే అయ్యుంటుంది.

6

మడి: తెలియదు. గాలి: లేదనే అనుకోండి. కోపం: ఓపిక లేదు.

వంటగదిలో రాస్తున్నాను. తోబెన్ మామ్మను ఇక్కడ పడుకోబెట్టాడు. పొయ్యి పూర్తిగా ఆరిపోయింది. వీధిలో సిపాయిలు విగ్రహం నీడన చతికిలబడి ఉన్నారు. మహామాత ఏమీ ఊదడం లేదు. తోబెన్ చల్లారిన పొయ్యి వైపు చూశాడు. మామ్మ వైపు చూశాడు. పెద్ద గరిటె, మాంసం కత్తి రెండూ చేతిలోకి తీసుకుని, ఏది పనికొస్తుందో తేల్చుకోలేక రెండింటితోనూ బయలుదేరాడు.

7

మడి: గోధుమ. కంపు. గాలి: మెల్లగా. కోపం: తర్వాత చూద్దాం.

తాళం పగలగొట్టాల్సిన పని పడలేదు. కాపలావాళ్ళు తోబెన్‌ను చూడగానే తాళంచెవి ఇచ్చేసి బూట్లు విప్పడం మొదలుపెట్టారు.

తలుపు తీయగానే వేడి ఆవిరి మొహాన కొట్టింది. మడి మీద గోధుమ రంగు తెట్టు. నేను చెయ్యి పెట్టాను, వెంటనే తీసేశాను. చెయ్యి కాలింది. మామ్మను ఇద్దరు సిపాయిలు కుర్చీలో మోసుకొచ్చారు. ఆమె నీళ్ళ మీదికి వంగి వాసన చూసింది. తమ ఊపిరి కూడా ఇందులోనే ఉందని అప్పటికి సిపాయిలందరికీ తెలిసింది.

“తొక్కండి,” అంది మామ్మ.

తొక్కారు. నేను పేర్లు అడుగుతూ, బెల్టులు బిగిస్తూ, కాళ్ళు తడబడినవాణ్ణి దింపి ఇంకొకణ్ణి ఎక్కిస్తూ ఉన్నాను. ఎవరి బిడ్డవి? ఎవరి బిడ్డవి? ఆన్యా కొడుకు. పడవలు కట్టే లూమ్ కూతురు. తండ్రెవరో తెలియనివాడు ఒకడు తల వంచుకుంటే మామ్మ, “గురమ్మ మనవడినని సెప్పు, ఎక్కు,” అంది. తోబెన్ తెట్టు తీసి బాల్చీలతో బయట పోశాడు. ఇంజినీరు కూడా వచ్చాడు. ఇతను తొక్కగలడని నేను అనుకున్నది నిజమే.

తెట్టు కింద అంతా గోధుమే. ఎంత తీసినా గోధుమే. ఫ్యాను మాత్రం ఊరు ఖాళీ అయ్యాక ఎన్నడూ లేనంత జోరుగా తిరుగుతోంది. చచ్చిన మడి మీద.

తర్వాత మామ్మ నన్ను పిలిచింది. నీళ్ళు లోపలికొచ్చే గొట్టం మూతి దగ్గర, రాతి పగులులో వేలు పెట్టి చూపించింది. అరచేతంత పచ్చ.

“సాలు,” అంది. “అది పాకుద్ది. ఫ్యానాగకపోతే సాలు.”

నేను నిలబడి ఆ సంగతి అందరికీ అరిచి చెప్పాను. సైన్యం కేకలు వేసింది. నాకు సిగ్గేసింది. శత్రువుతో కలిసి నేనూ కేక వేశాను.

8

మడి: పచ్చ పాకుతోంది. గాలి: మెరుగు. కోపం: చేతికి అందింది.

సేనాపతి సిలిండరు అయిపోయింది.

సిలిండరులో గాలి నింపే మర కూడా ఈ పెడళ్ళతోనే నడవాలి, దానికి మిగిలిన కాలు ఒక్కటీ లేదు. అంటే ఇక అతను అందరిలాగే ఊరి గాలి పీల్చాలి. ముక్కులో గొట్టం లేకుండా అతని మొహం నేను మొదటిసారి చూశాను. మామూలు మొహం. ముక్కు మీద గొట్టం మచ్చ. గుమ్మం దగ్గర తూలాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

ఎన్ని మాటలు దాచుకున్నానో వీడి కోసం! ఒక్కటీ పైకి రాలేదు. గదంతా చూస్తోంది. వాళ్ళ సేనాపతిని నేను బయటికి నెడితే వాళ్ళెవరూ అడ్డురారని నాకు తెలుసు. అందుకే భయం వేసింది.

“నేను లోపలికి వచ్చి పర్యవేక్షించెదను,” అంది పెట్టె.

“పీలుత్తన్నావా?” అన్నాను.

అతను ముక్కు మీది మచ్చ తడుముకున్నాడు.

“పేరు సెప్పు.”

చెప్పాడు. పేరు, దాని ముందు బిరుదులు, వెనక పతకాలు, గెలిచిన యుద్ధాలు. పెట్టె చదువుతూనే ఉంది. ఈలోపు తోబెన్ తన వంతు ముగించి అంబలి తాగేశాడు.

“ఎవరి బిడ్డవి?”

“మాతృమండలము యొక్క.”

“అది ఆపీసు. మూసీసినా మూసీగలరు. నిన్ను కన్నామె పేరు.”

అతను పెట్టె మూత నొక్కేసి, సొంత నోటితో ఒక పేరు చెప్పాడు. సన్నటి పేరు. ఇరీనె. మళ్ళీ చెప్పమని నేను అడగలేదు. వంతు మాట కూడా అన్నాడు. బయట కిటికీ కింద నిలబడి ఎన్నిసార్లు విన్నాడో, తప్పు పోలేదు.

నేను పక్కకు జరిగాను.

తొక్కడం మాత్రం ఘోరంగా తొక్కాడు. బూట్లు విప్పనన్నాడు, మడమ జారింది, పతకాలు హ్యాండిల్‌కు చిక్కుకున్నాయి. మామ్మ కుర్చీలోంచి, “ఓ ఇరీనె కొడకా! మోకాలు బయిటికి పెట్టకు, లోపలికి పెట్టు!” అని అరుస్తూనే ఉంది. దిగాక అంబలి ఇచ్చింది. అతను గరిటె రెండు చేతులా పట్టుకుని తాగాడు.

9

మడి: పచ్చ. నిండా పచ్చ. గాలి: బాగుంది.

ఓడలు తిరిగొచ్చాయి. అధికారులు, భార్యలు, పియానోలు. ఓడ కెప్టెన్ ఒకడు గాజు టోపీ పెట్టుకుని, ముందు మెల్లగా, తర్వాత గబగబా ఫ్యాన్ గదిలోకి వచ్చాడు. సేనాపతి పెడల్ మీద ఉన్నాడు. బూట్లు లేవు. పక్కన తోబెన్, ఆ పక్క ఇంజినీరు.

కెప్టెన్ సెల్యూట్ కొట్టి, ఊరు పట్టుబడిందా అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఊపిరి దాచుకుంటున్నారు. తక్షణం ఓడెక్కమని సేనాపతిని బతిమాలాడు. సేనాపతి దిగబోయాడు.

“దిగొద్దు బాబూ! నడిమద్దెన దిగితే బెల్టు తెగుద్ది,” అంది మామ్మ. “వొంతయినాక ఎల్లుదువు.”

హెల్ద్రిక్ మళ్ళీ కూర్చుని తొక్కాడు. వాడి సైన్యం, వాడి ఓడలు, వాడి మహామాత, అందరూ ఆ వంతు అయ్యేదాకా బయట ఎదురుచూశారు.

కెప్టెన్‌కు ఉక్కపోసి టోపీ సగం ఎత్తాడు. “ఆ బాబు తీసినాడేటే? తీత్తే ఆడికీ వొంతే. పేరడుగు,” అంది మామ్మ. పెట్టె అనువాదం పూర్తి చేయకముందే టోపీ కిందికి దిగింది.

తొక్కితేనే గాలి అని విన్న అధికారులు పియానోలు దింపనే లేదు; వంతు ముగియగానే అందరూ వెళ్ళిపోయారు. మోయలేక విగ్రహాన్ని వదిలేశారు. తోబెన్ దాక్కుని ఉండిపోయాడు. ఎక్కడ దాక్కున్నా ఆ పొట్ట కనిపిస్తూనే ఉంది, కానీ ఎవరూ చూడలేదు. ఓడ రేడియోలో వాళ్ళ దేశానికి వెళ్ళిన వార్త మాకూ వినిపించింది: సేనాపతి హెల్ద్రిక్ ఆరవ ప్రావిన్స్‌లో శ్వాసను పునరుద్ధరించి, కృతజ్ఞులైన ప్రజల వద్ద సెలవు తీసుకుని, విజయుడై మరలుచున్నాడు. శ్వాస సంగతి పూర్తిగా అబద్ధం కాదు. ఒకటి రెండు వంతులు అతనివీ ఉన్నాయి.

ఇనుప తలుపులు తెరుచుకున్నాయి. జనం వచ్చారు. మా అమ్మ మడి చూసి, నన్ను చూసి, మూటలో పిండి మిగిల్చావా అని అడిగింది.

దండాసిని ఓడలోకి ఎక్కించుకోలేదు. జనం ఏడుస్తున్నారని అబద్ధం చెప్పింది నువ్వే కదా అన్నారట. ఇన్నాళ్ళూ ఒక్కసారీ తొక్కకుండా, సిపాయిలు పీల్చి వదిలిందే పీల్చుకుంటూ తిరిగాడు. ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గది నిండా మా ఊరివాళ్ళు. ఎవరూ పలకరించలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. మామ్మ కూడా.

“పేరు సెప్పు,” అన్నాను.

“దండాసి.” బూట్లు విప్పుకున్నాడు. “అప్పలనరసమ్మ కొడుకుని. నాను పీల్సిన గాలికి నా వొంతు.”

గట్టిగా ఉండే పెడల్ ఒకటుంది, చివరిది. దాన్నే చూపించాను. ఎక్కాడు. కాసేపటికే మొహం నల్లబడింది, నోరు తెరుచుకుంది.

“అసిరీ... ఊపిరాడ్డం నేదే,” అన్నాడు.

“బద్ధకపు ఊపిరిలే,” అన్నాను.

అతను నా వైపు చూశాడు. తల దించుకుని తొక్కుతూనే ఉన్నాడు.

నేను లేచి వెళ్ళి, పానా తీసుకుని, ఆ పెడల్ బెల్టు కొంచెం వదులు చేశాను.

ఆ మాట ఎందుకన్నానో, ఈ పని ఎందుకు చేశానో రాయమని రూలు లేదు.